కొత్త ముక్కుకి పాత వైద్యం

ముక్కు సరిచేయించుకోవాలని నిర్ణయించుకున్నాక ముందు సంప్రదించాల్సింది డాక్టరుని కాదు, పంచాంగాన్ని. పెళ్లి ముహూర్తానికి పది పన్నెండు రోజుల ముందు ఆపరేషన్ పెట్టుకోండి. అంతకంటే ముందే చేయించుకుంటే జనం చూసి చూసి అలవాటు పడిపోతారు, పెళ్లిలో కొత్తగా చూడ్డానికి ఏం మిగులుతుంది? డాక్టరు ఏవో లెక్కలు చెబుతాడు. ముక్కు మీద స్ప్లింట్ వారం రోజులు ఉంటుందనీ, కళ్ల కింద కమిలిన నలుపు రెండో మూడో రోజుకి బాగా ముదిరి, పోవడానికి రెండు వారాలు తీసుకుంటుందనీ, పైకి కనబడే వాపు నెలా రెండు నెలల్లో చాలావరకు తీసినా ముక్కు కొన అసలు ఆకారం తేలడానికి ఏడాది పడుతుందనీ, చర్మం మందంగా ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువేననీ అంటాడు. వింటూ తల ఊపండి. శుభలేఖలు అచ్చయిపోయాయని మాత్రం నోరు జారకండి. తెలిస్తే చేయనంటాడు.

డాక్టరు ఎంపిక మీద కూడా ఎక్కువ సమయం పెట్టకండి. బంజారాహిల్స్‌లో బయల్దేరి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చేరేలోపు కావలసినన్ని బోర్డులు కనిపిస్తాయి. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. ఉందా, ఆపరేషన్ థియేటరు ఎక్కడ, మత్తు ఎవరిస్తారు అని అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి మిమ్మల్ని చాదస్తం కింద జమకడుతుంది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన అది సౌందర్య చికిత్సలు మొదలుపెట్టడానికి తగిన శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాల్లో రాయాల్సి వచ్చింది. రాయాల్సి వచ్చిందంటే, అలా చూసి మొదలుపెట్టినవాళ్లు ఉన్నారనేగా. అంత చొరవ ఉన్నవాళ్లని మనం కాకపోతే ఎవరు ప్రోత్సహిస్తారు?

ఇంట్లో అసలు సంగతి చెప్పొద్దు. సైనస్ ఆపరేషన్ అనండి. కాస్త చదువుకున్న చుట్టాలైతే, ముక్కు దూలం వంకరగా ఉంది, రాత్రిళ్లు ఊపిరాడటం లేదు అనండి. జాలిపడతారు. ఇన్సూరెన్సు వాళ్లకీ ఇదే చెబుదామని కొందరు ఆశపడతారు గానీ వాళ్లు మీ మేనత్త అంత అమాయకులు కాదు, బిల్లు చదువుతారు. ఈ అబద్ధంలో ఉన్న సుఖం ఏమిటంటే, ఇక మీరు ఏమీ చేయనక్కర్లేదు. ఆ క్షణం నుంచీ ఇంటిల్లిపాదీ మీకు లేని సైనస్‌కి వైద్యం మొదలుపెడతారు.

మూడో రోజు పొద్దున్నే పిన్ని వస్తుంది. వెడల్పాటి స్టీలు గిన్నెలో నీళ్లు సలసల మరిగించి, చెంచాడు పసుపు వేసి, నాలుగు చుక్కలు జిందా తిలిస్మాత్ వేసి, మీ నెత్తిన దుప్పటి కప్పి, “బాగా లోపలికి పీల్చు నాన్నా” అంటుంది. పీల్చండి. వేడి తగిలితే రక్తం ముఖానికి ఎగదన్ని వాపు పెరుగుతుందని ఆస్పత్రిలో ఇచ్చిన కాగితంలో ఉంటుంది, అందుకే చల్లటి కాపడం పెట్టమంటారు, అదీ కళ్ల మీదా బుగ్గల మీదా, ముక్కు మీద కాదు. కానీ ఆ కాగితం రాసినవాళ్లకి మీ పిన్ని తెలియదు. పైగా ఆపరేషన్ తర్వాత ముక్కు కొనకి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, స్పర్శ సరిగ్గా ఉండదు కాబట్టి ఆవిరికి చర్మం కాలినా మీకు తెలియదు. తెలియని నొప్పి ఎవరికి నష్టం?

పిన్ని సామర్థ్యం మీద అనుమానం వస్తే చరిత్ర గుర్తు తెచ్చుకోండి. ముక్కు వైద్యం మనదే. కోసేసిన ముక్కుని చర్మం పొరతో మళ్లీ కట్టడం సుశ్రుత సంహితలోనే ఉంది. బ్రిటిష్ సైన్యం దగ్గర బండి తోలే కావస్‌జీ అనే మనిషికి టిప్పు సుల్తాన్ మనుషులు ముక్కు కోసేస్తే, పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన నుదుటి చర్మం దించి కొత్త ముక్కు కట్టాడని 1794లో లండన్ జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో ఉత్తరం అచ్చయింది. అది చదివిన కార్ప్యూ అనే ఇంగ్లీషు వైద్యుడు ఏళ్ల తరబడి శవాల మీద సాధన చేసి, 1814లో గానీ బతికున్న మనిషి మీద కత్తి పెట్టలేదు. అంత పిరికితనం మనకెందుకు? రక్తంలోనే ఉంది మనకి విద్య.

పిన్ని వెళ్లాక బాబాయి వస్తాడు. “లోపల అంతా పట్టేసుంటుంది, గట్టిగా చీదెయ్, పోతుంది” అంటాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. లోపల ఉన్నవాటిలో గడ్డకట్టిన రక్తమూ, కుట్లూ, ఇంకా కుదురుకోని ఎముకా ఉన్నాయి, అవీ పోతాయి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమంటాడు డాక్టరు, ఒత్తిడి ముక్కు మీద పడకుండా. నలుగురిలో నోరంతా తెరుచుకుని తుమ్మడం ఏం మర్యాద? రెండు వేళ్లతో ముక్కు గట్టిగా నొక్కి పట్టి తుమ్మండి. ఎవరైనా గడప దాటుతుంటే శకునం పాడు చేయకుండానూ ఉంటారు.

తలనొప్పిగా ఉంటే డాక్టరు రాసిన మాత్రలు పక్కన పెట్టి, అల్మరాలో ఎప్పటినుంచో పడి ఉన్న డిస్ప్రిన్ నీళ్లలో వేసుకుని తాగండి. అందులో ఉన్నది ఆస్పిరిన్. ఒకసారి వేసుకున్నా ప్లేట్‌లెట్ల పని వారం, పది రోజులు దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టడం మందగిస్తుంది. గుండెజబ్బు వాళ్లకి మంచి చేసేది మీకెందుకు చెడు చేస్తుంది? (గుండె కోసం రోజూ వేసుకునేవాళ్లు మాత్రం ఆపరేషన్ అని తమంతట తామే మానేయాలి. మధ్యలో కార్డియాలజిస్టుని అడిగి ఆయన్ని ఇబ్బంది పెట్టడం దేనికి?) మాత్రలు గిట్టకపోతే అమృతాంజనం ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో తలనొప్పి కోసం అమ్మకానికి పెట్టారు, కుట్ల మీద రాయొద్దని ఆయన ఎక్కడా చెప్పినట్టు లేదు.

పథ్యం దగ్గర మాత్రం ఏమాత్రం రాజీ పడకండి. మనలో కోత పడిన ఒంటికి పప్పు పెట్టరు, చీము పడుతుంది. వంకాయ పెట్టరు, దురద. గోంగూర పులుపు. గుడ్డు వేడి. కోడి అంతకంటే వేడి. పెరుగు చలవ, మీది సైనస్ కదా, పడిశం పడుతుంది. చేప సంగతి ఎత్తితేనే అమ్మమ్మ చెవులు మూసుకుంటుంది. ఒక్కొక్కటే తీసేస్తూ పోగా చివరికి కంచంలో మిగిలేది వేడన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం, నంజుకోవడానికి పాత చింతకాయ పచ్చడి. గాయం పూడాలంటే మాంసకృత్తులు ఉండాలంటూ ఆస్పత్రిలో డైటీషియన్ ఇచ్చిన జాబితా ఒకటుంటుంది. ఆ జాబితాని ఈ నిషేధాల పక్కన పెట్టి చూడండి. పప్పు, గుడ్లు, పెరుగు, చేప, చికెన్. వరస మారిందేమో గానీ జాబితా ఒకటే, ఆవిడ తినమన్నవే మనం మానేశాం. ఇంత చక్కగా ఎదురెదురుగా నిలబడిన రెండు శాస్త్రాలు నేనింకెక్కడా చూడలేదు.

వెల్లుల్లి సంగతికొస్తే, ఆపరేషన్‌కి ముందూ వెనకా వెల్లుల్లి మాత్రలూ, చేపనూనె మాత్రలూ, విటమిన్ ఇ మాత్రలూ ఆపమని డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది, రక్తస్రావం పెరగొచ్చని. మాత్రల గురించే కదా రాశారు. మనది కారం. పూటకి ఒక గడ్డ ఒలిచి రోట్లో దంచుకోండి. పాత చింతకాయలో ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచి వాపుని తగ్గనివ్వదు. వాపు తగ్గకపోతే ఏమవుతుంది? అది దిష్టి అని తేలుతుంది.

దిష్టి తీయించుకోవడం ఇలా. సాయంత్రం దీపాల వేళ మిమ్మల్ని తూర్పుముఖంగా కూర్చోబెడతారు. గుప్పెడు కళ్లుప్పు, ఎండుమిరపకాయలు, చీపురుపుల్లలు పిడికిట్లో బిగించి మీ చుట్టూ మూడుసార్లు తిప్పి, “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి” అంటూ తీసుకెళ్లి పొయ్యిలో వేస్తారు. ఇప్పుడు పొయ్యి లేదు కాబట్టి గ్యాస్‌ స్టవ్ మీద పాత మూకుడు. అపార్ట్‌మెంట్ వంటింట్లో చిమ్నీ ఉంటుంది, కానీ దిష్టి పొగ బయటికి పోకూడదని దాన్ని ఆపేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి బాగా ఉందని లెక్క. ఘాటు వస్తే దిష్టి లేదని లెక్క, కానీ ఆ లెక్క తేలే సమయానికి మీరు గుక్క తిప్పుకోకుండా ఏడో తుమ్ములో ఉంటారు. ముక్కు మూసుకునే తుమ్మాలని పైన చెప్పాను. చివర్లో మిగిలిన మసి కాస్త వేలితో తీసి, కుట్ల పక్కనే, ఎవరికీ కనబడకుండా చుక్క పెడతారు. పచ్చిగాయంలోకి మసి దిగితే చర్మం కింద పచ్చబొట్టులా నిలిచిపోవచ్చు. ఇక జీవితంలో మళ్లీ దిష్టిచుక్క పెట్టే పని ఉండదు.

అద్దం చూసుకోవడం రోజుకి ఎన్నిసార్లు? లెక్క అక్కర్లేదు, దాటినప్పుడల్లా. అయితే అద్దం కంటే సెల్‌ఫోన్ మంచిది, అందులో ఆందోళనని దాచుకుని పోల్చి చూసుకోవచ్చు. చేయి పూర్తిగా చాపకుండా, మొహానికి అడుగు దూరంలో పెట్టి తీయండి. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో, అయిదడుగుల నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే, ముఖం వెడల్పుతో చూసినప్పుడు ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు గణితం వేసి చెప్పారు. మీ లక్షల రూపాయలు వృథా అయ్యాయని నమ్మడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు. పొద్దున లేవగానే తీయండి, పడుకుని లేచిన మొహానికి వాపు ఎక్కువ. తల కింద రెండు దిండ్లు పెట్టుకోమన్నారు కదా, అవి తీసేసి బోర్లా పడుకుంటే ఇంకా స్పష్టంగా వస్తుంది.

ఇక చర్మం. స్ప్లింట్ తీసే రోజు కోసం అందరూ శుక్రవారం సినిమా రిలీజుకి ఎదురుచూసినట్టు ఎదురుచూస్తారు. తీయగానే బయటపడేది మాత్రం ఉబ్బిన, నూనె కారే, జిగురు అంటుకున్న ముక్కు. వారం రోజులు పట్టీ కింద గాలి ఆడక, కడగక, జిడ్డంతా రంధ్రాల్లో పేరుకుని నల్లముళ్లు లేస్తాయి, మొటిమలు వస్తాయి, పట్టీ పడనివాళ్లకి దద్దురు. ఇవి మామూలేననీ, మెత్తటి సబ్బునీళ్లతో కడుగుతుంటే కొద్దిరోజుల్లో సర్దుకుంటాయనీ డాక్టరు అంటాడు. కొద్దిరోజులెక్కడున్నాయి మన దగ్గర? సున్నిపిండి తీసుకుని, పాలమీగడతో ముద్దచేసి, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, జిడ్డు ఉండలు ఉండలుగా రాలేదాకా నలవండి. మొటిమల మీద టూత్‌పేస్ట్. పక్కులు కట్టిన చోట గోరు. కళ్ల కింద కమిలిన నలుపు నీలమై, ఆకుపచ్చై, చివరికి పసుపు రంగుకి తిరుగుతుంది, అది తగ్గుతున్న గుర్తని అంటారు. మీరు దాని మీద ఇంకొంత పసుపు పట్టించండి. అప్పుడు ఏది ఏ పసుపో ఎవరూ చెప్పలేరు. నిమ్మకాయ రసం పిండుకుని ఎండలో కూర్చుంటే మచ్చలు పోతాయని నమ్మేవాళ్లు ప్రతి వీధిలోనూ దొరుకుతారు. మన చామనఛాయ ఒంటికి దెబ్బ తగిలిన చోట, మంట పుట్టిన చోట నల్లమచ్చ పడే స్వభావం ఎక్కువ, ఎండ తగిలితే అది నెలల తరబడి తిష్ట వేస్తుంది. నిమ్మరసమూ ఎండా కలిస్తే కాలిన మచ్చలే పడొచ్చు. ముక్కు గుర్తుపట్టకపోయినా మచ్చని బట్టి చుట్టాలు మిమ్మల్ని గుర్తుపడతారు. సన్‌స్క్రీనా? తరతరాలుగా పొలాల్లో ఎండకి ఎండిన వంశం మనది.

మచ్చ పడ్డాక సందు చివర మెడికల్ షాపుకి వెళ్లండి. చర్మ వైద్యుడి దగ్గర టోకెన్ తీసుకుని కూర్చోవాలి, ఇక్కడ నిలబడే పని అయిపోతుంది. కౌంటరు మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించి, “మొహానికి ఏదన్నా మంచి క్రీమ్” అనాలి, అంతే. షాపతను మీ మొహం కూడా చూడడు, వెనక్కి తిరగకుండానే చేయి పైఅరకి పోతుంది. ఆ ట్యూబులో సాధారణంగా మూడుంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. 1975లో క్లిగ్మన్ అనే అమెరికన్ చర్మవైద్యుడూ ఆయన సహచరుడూ నల్లమచ్చల కోసం కట్టిన మిశ్రమానికి ఇది వారసురాలు. డాక్టరు చూస్తుండగా కొన్ని వారాలు వాడి ఆపేయాల్సిన మందు. మీరు మాత్రం కొబ్బరినూనె రాసినట్టు రోజూ రాత్రి రాయండి. మొదటి వారం అద్భుతం. మొహం గాజులా మెరుస్తుంది, పెళ్లికళ వచ్చేసిందంటారు. తర్వాతే చర్మం పల్చబడి ఎర్రటి నరాలు దారాల్లా తేలతాయి, మొటిమలు గుంపుగా లేస్తాయి, బుగ్గల మీద వెంట్రుకలు మొలుస్తాయి. భయపడి ఆపేస్తే మొహమంతా భగ్గుమంటుంది, అందుకని మళ్లీ రాస్తారు. షాపతనికి కావలసిందీ అదే. ఈ మొహాలు ఎన్ని చూశారో మరి, మన దేశపు చర్మవైద్యులు దానికో జబ్బు పేరే పెట్టారు: టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్. స్టెరాయిడ్ పూతమందులు చాలావాటిని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ సంగతి గుర్తుచేస్తే షాపతను నవ్వి, “మనోళ్లే కదా సార్” అంటాడు. అంత ఆప్యాయత ఏ చర్మవైద్యుడి దగ్గర దొరుకుతుంది?

కళ్లజోడు వాళ్లు దూలం మీద బరువు పడకుండా కొన్ని వారాలు నుదుటికి టేపుతో అతికించుకోవాలట. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు, అది వాళ్ల ముక్కు కాబట్టి ఫరవాలేదు గానీ, మీరు మామూలుగానే పెట్టుకోండి. బిగుతు హెల్మెట్ కూడా ముక్కుని రాసుకుంటూ దిగేదే కొనండి. కొన్నాళ్లు బండి మానేసి ఆటోలో వెళ్లొచ్చన్న ఆలోచనే రానీయకండి.

ముక్కుతో పాటు ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ముఖం ముడతలు తీయించుకుంటుంటే వాళ్లకీ రెండు ముక్కలు. మావయ్యా, బీపీ మాత్ర ఆ పూట మర్చిపో. చర్మం కింద రక్తం పేరుకునే గండం మొదటి ఇరవైనాలుగు గంటల్లోనే ఎక్కువ, ఆడవాళ్లకంటే మగవాళ్లకి ఎక్కువ, బీపీ ఉంటే మరీ ఎక్కువ. సిగరెట్ మాత్రం మానకు. నికోటిన్‌కి రక్తనాళాలు ముడుచుకుపోయి, లాగి కుట్టిన చర్మానికి రక్తం అందక చెవి వెనక నల్లబడి ఊడిపోవచ్చు, అయితేనేం, వెనక ఎవరు చూస్తారు? కుట్లు తీయగానే తిరుపతి వెళ్లి మొక్కు తీర్చుకో. చెవుల చుట్టూ, జుట్టులో దాచిన గీతలన్నీ గుండు చేయించాక కొండ మీద జనమంతా చూస్తారు.

పెళ్లి రోజుకి వద్దాం. నలుగు పెట్టేటప్పుడు ముత్తయిదువలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మొహం రుద్దుతారు, ఎవరినీ ఆపకండి, నొచ్చుకుంటారు. పెళ్లికూతురైతే ముక్కుపుడక. పాత రంధ్రం పూడిపోయిందా, కంసాలి చేత అక్కడికక్కడే కుట్టించండి, కుట్లు పక్కనే ఉన్నాయి కాబట్టి చేయి తిరిగినట్టే ఉంటుంది. హోమం పొగకి ముందు మీరే కూర్చోవాలి, తప్పదు. తలంబ్రాల దగ్గర అవతలివాళ్ల కంటే ముందు పోయాలనే పంతం ఉంటుంది కదా. పెళ్లికొడుకు తరఫు కుర్రాళ్లు దోసిళ్లతో, తర్వాత పళ్లేలతో, చివరికి పళ్లెంతో సహా మీద పడతారు. స్ప్లింట్ తీసి నాలుగైదు రోజులే అయిన ముక్కు అక్కడ గురి అవుతుంది. అప్పగింతల్లో ఏడవకుండా ఉండడం కుదరదు. ఏడిస్తే ముక్కు కారుతుంది, కారితే మేనత్త తన పట్టుచీర కొంగు మీ ముక్కుకి అడ్డం పెట్టి, చిన్నప్పుడు తుడిచినట్టే రెండు వేళ్లతో పట్టుకుని మెలితిప్పి తుడుస్తుంది. అంత ప్రేమని డాక్టరు పేరు చెప్పి దూరం పెట్టలేం.

ఆ రాత్రి ముక్కు రెండు వైపులా పూర్తిగా మూసుకుపోయి, సలుపు అంతకంతకీ పెరుగుతుంటే కంగారు పడకండి. దూలానికి రెండు పక్కలా ఎర్రగా, మెత్తగా ఉబ్బి ఉంటే అది లోపల పేరుకున్న రక్తం కావచ్చు. వెంటనే తీసేయకపోతే మృదులాస్థికి రక్తం అందక అది కొద్దిరోజుల్లోనే చచ్చిపోయి, ముక్కు మధ్యలో కుంగిపోతుంది. మంచిపెళ్లి జరిగిన ఇంట్లోంచి అర్ధరాత్రి ఆస్పత్రికి ఎవరైనా వెళ్తారా? పైగా మర్నాడు సత్యనారాయణ వ్రతం, ఎల్లుండి అమావాస్య. మెడికల్ రిప్రజెంటేటివ్‌గా చేస్తున్న తోడల్లుడికి ఫోటో తీసి వాట్సాప్ చేయండి. ఆయన ఏదో ఒక యాంటీబయాటిక్ పేరు పంపిస్తాడు. జ్వరమొచ్చినా, రక్తం ఆగకపోయినా, చూపు మసకబారినా అదే నంబరు.

మూడో వారంలో ముక్కు ఇంకా లావుగానే ఉంటుంది. డాక్టరు ఏడాది ఆగమంటాడు, మళ్లీ చేయాల్సి వచ్చినా కణజాలం మెత్తబడాలంటాడు. వాయిదాలు వేసేవాళ్లతో మాట్లాడి లాభం లేదు. ఫాలోఅప్‌కి వెళ్లడం మానేసి ఇంకో క్లినిక్‌కి వెళ్లండి, వచ్చే సోమవారమే చేసిపెడతామనేవాళ్లు దొరుకుతారు. అక్కడ కౌంటరు దగ్గర వాయిదాల పద్ధతి వివరించే అమ్మాయి మీకు చాలా నచ్చుతుంది. వడ్డీ లేదంటుంది, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో మాత్రం సంతకం అయ్యాక చెబుతుంది.